పాత చిన్న కారుకి ముందు బ్రేకులు మార్చాలా? లోపం ఎక్కడుందో తేల్చే లెక్కలు

క్లుప్తంగా

పాత చిన్న కారు సరిగ్గా ఆగకపోతే చాలామందికి ముందుగా తోచేది చక్రాలతో పాటు తిరిగే ఇనుప బ్రేకు పళ్లేలు, అంటే డిస్కులు, పెద్దవి వేయించడం. కానీ ఆగే దూరాన్ని చివరికి నిర్ణయించేది టైరు. డిస్క్ ముఖ్యంగా నిర్ణయించేది ఎంత వేడిని తట్టుకోగలదన్నదే. పదిహేనేళ్ల బండిలో బ్రేకు తగ్గడానికి కారణం చాలాసార్లు పాతబడ్డ బ్రేక్ ఆయిల్, డిస్క్‌ని రెండు వైపులా ప్యాడ్లతో నొక్కిపట్టే క్యాలిపర్‌లో బిగుసుకుపోయిన పిన్నులు, సరిచేయని వెనక డ్రమ్ములు, గట్టిపడిన టైర్లు. ఇవి బాగుపడ్డాక కూడా ఘాట్ రోడ్డు మీద బ్రేకు బలం తగ్గిపోతుంటే, అప్పుడే పెద్ద డిస్క్ అవసరమవుతుంది. ముందు బ్రేకు బలం పెంచి వెనకది అలాగే వదిలేస్తే తడి రోడ్డు మీద బండి ఇంకా ఎక్కువ దూరంలో ఆగవచ్చు.

పాత బండి, కొత్త రోడ్డు

మారుతి 800 మొదటి కారు యజమాని చేతికి అందింది 1983 డిసెంబరులో. చివరి బండి ఫ్యాక్టరీ దాటింది 2014 జనవరిలో. 2010 ఏప్రిల్‌లో భారత్ స్టేజ్ 4 కాలుష్య నిబంధనలు 13 నగరాల్లో అమల్లోకి వచ్చినప్పుడు అక్కడ ఈ కారు అమ్మకం ఆగిపోయింది. ఆ జాబితాలో హైదరాబాద్ ఉంది. అంటే హైదరాబాద్ షోరూముల్లో కొత్తగా అమ్ముడైన 800 ఏదైనా ఈపాటికి 15 ఏళ్లు దాటినట్టే. 1993లో వచ్చిన జెన్, 1998లో వచ్చిన శాంత్రో, ఇండికాలది కూడా ఇంచుమించు ఇదే పరిస్థితి. ఢిల్లీలో లాగా వయసు చూసి బండిని రోడ్డు దింపేసే నిబంధన తెలుగు రాష్ట్రాల్లో లేదు. 15 ఏళ్లు నిండిన సొంత కారుకి ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషన్‌ని ఐదేళ్లకోసారి పొడిగించుకోవచ్చు. అందుకే ఈ బండ్లు ఇంకా ఇళ్ల ముందు ఉన్నాయి, వాడకంలోనూ ఉన్నాయి.

మారింది రోడ్డు. ఒకప్పుడు గంటకి 50, 60 కిలోమీటర్లతో వెళ్లిన దారులు నాలుగు లేన్లు, ఆరు లేన్లు అయ్యాయి. 37 హార్స్‌పవర్ బండి కూడా ఇప్పుడు 80లో నడుస్తోంది. ముందు వెళ్లే కారు మాత్రం కొత్తది. 2019 ఏప్రిల్ నుంచి దేశంలో అమ్మే ప్రతి కొత్త కారుకి ఏబీఎస్ తప్పనిసరి. ఆ కారు డ్రైవరు బ్రేకుని పూర్తి బలంతో తొక్కినా చక్రాలు లాక్ కావు, అంటే తిరగడం ఆగిపోయి జారవు. వెనక వస్తున్న పాత బండికి ఆ సౌకర్యం లేదు. ఒకే వేగంతో, ఒకే లేన్‌లో వెళ్తున్న రెండు బండ్ల మధ్య ఉన్న ఈ తేడా వల్లే ముందు బ్రేకులు మార్పించాలన్న ఆలోచన మొదలవుతుంది. ఆలోచనలో తప్పు లేదు. ఏ భాగం మార్చాలన్న దగ్గరే పొరపాటు జరుగుతుంది.

బండిని ఆపేది టైరు

బ్రేకు చేసే పని చక్రం తిరగకుండా అడ్డుపడటం. బండిని వెనక్కి పట్టి ఉంచే బలం పుట్టేది టైరు రోడ్డుని తాకే చోట, అరచేయంత జాగాలో. పెడల్ గట్టిగా తొక్కితే పొడి రోడ్డు మీద ముందు చక్రాలు లాక్ అయి జారుతున్నాయంటే, టైరు ఇవ్వగలిగిన పట్టునంతా బ్రేకు అప్పటికే వాడేసిందని అర్థం. ఆ బండికి ఇంకా పెద్ద డిస్క్ వేసినా మొదటిసారి ఆగే దూరం ఒక్క అడుగు కూడా తగ్గదు.

గంటకి 80 కిలోమీటర్లంటే సెకనుకి 22 మీటర్లు. డ్రైవరు ప్రమాదాన్ని గమనించి కాలు పెడల్ మీదికి తేవడానికి ఒక సెకను పడితే ఆ 22 మీటర్లు బ్రేకుతో సంబంధం లేకుండానే అయిపోతాయి. ఆ తర్వాత మంచి టైరు, పొడి తారు రోడ్డు అయితే, అంటే టైరుకీ రోడ్డుకీ మధ్య పట్టుని కొలిచే ఘర్షణ గుణకం 0.8 అనుకుంటే, బండి ఆగడానికి ఇంకో 31 మీటర్లు పడుతుంది. అదే రోడ్డు మీద గట్టిపడిపోయిన పాత టైర్లతో ఆ గుణకం 0.6కి పడిపోతే దూరం 42 మీటర్లకి చేరుతుంది. పెరిగిన ఆ 11 మీటర్లు మూడు మారుతి 800లని ఒకదాని వెనక ఒకటి నిలబెట్టినంత పొడవు. ఏ డిస్కూ దాన్ని పూడ్చలేదు. తక్కువ తిరిగే పాత కార్లలో టైరు అరగకముందే ముసలిదవుతుంది. గాడులు నిండుగా కనిపిస్తాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. బ్రేకుల గురించి ఆలోచించే ముందు టైరు పక్కన అచ్చువేసిన నాలుగంకెల తయారీ సంఖ్య చూడటం మంచిది. మొదటి రెండంకెలు వారం, తర్వాతి రెండు సంవత్సరం.

వేడి లెక్క

అయితే పెద్ద డిస్క్ వల్ల లాభమే లేదా? ఉంది. అది తెలియాలంటే కారుకున్న వేగం ఎక్కడికి పోతుందో చూడాలి. బ్రేకు వేగాన్ని మాయం చేయదు, వేడిగా మారుస్తుంది. మనుషులతో కలిపి 900 కిలోలున్న చిన్న కారు 80 వేగంలో ఉన్నప్పుడు దానిలో సుమారు 222 కిలోజౌళ్ల శక్తి ఉంటుంది. 40లో ఉన్నప్పుడు 56 మాత్రమే. వేగం రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. ఊళ్లో బాగానే పనిచేసే బ్రేకు హైవే మీద బలహీనంగా అనిపించడానికి సగం కారణం ఈ నాలుగింతలే.

ఆ శక్తిలో 70 శాతం ముందు చక్రాల వాటా అనుకుంటే ఒక్కో డిస్క్‌కి దాదాపు 78 కిలోజౌళ్లు వస్తాయి. డిస్క్ బరువు 3 కిలోలైతే ఒక్కసారి ఆపినందుకు దాని వేడి సుమారు 56 డిగ్రీలు పెరుగుతుంది. అదే 4 కిలోల డిస్క్ అయితే 42 డిగ్రీలే. ఒక్కసారికి ఈ తేడా ఏమీ తెలియదు. చల్లారే వ్యవధి ఇవ్వకుండా ఐదుసార్లు ఆపితే చిన్న డిస్క్ 300 డిగ్రీలు దాటుతుంది, పెద్దది 250 దగ్గర ఉంటుంది. సాధారణ ప్యాడ్లకి పట్టు సడలడం మొదలయ్యేది దాదాపు ఆ ప్రాంతంలోనే. పెద్ద డిస్క్ వల్ల వచ్చే అసలు లాభం ఇదే. మొదటిసారి బండి ఎంత బాగా ఆగిందో ఆరోసారి కూడా అంతే బాగా ఆగుతుంది.

మధ్యలో గాలి దారులున్న వెంటిలేటెడ్ డిస్క్ ఇంకో విధంగా సాయపడుతుంది. చక్రం తిరుగుతుంటే డిస్క్ తన మధ్య నుంచి గాలిని లాగి బయటికి తోస్తుంది కాబట్టి ఒకసారి బ్రేకు వేశాక మళ్లీ వేసేలోపు త్వరగా చల్లారుతుంది. చిల్లులు పొడిచిన డిస్కులు చూడ్డానికి రేసు కారు వాటిలా ఉంటాయి. కానీ చిల్లు వేసినచోట ఇనుము తగ్గుతుంది, వేడిని దాచుకునే శక్తీ తగ్గుతుంది, చిల్లు అంచు నుంచి పగుళ్లు మొదలయ్యే అవకాశం పెరుగుతుంది. సొంత పనులకి తిరిగే చిన్న కారుకి ఆ చిల్లులతో పని లేదు.

తిరుమల ఘాట్ దిగేటప్పుడు

తెలుగువాళ్లలో చాలామంది కారు బ్రేకులకి అతి కష్టమైన పరీక్ష పెట్టేది తిరుమల నుంచి దిగే మొదటి ఘాట్ రోడ్డు మీద. 1944లో తెరిచిన ఈ దారి పొడవు దాదాపు 19 కిలోమీటర్లు. దిగే ఎత్తు సుమారు 700 మీటర్లు. 900 కిలోల కారు ఆ ఎత్తు దిగుతూ వదిలే శక్తి 6.2 మెగాజౌళ్లు. అంటే 80 వేగం నుంచి బండిని 28 సార్లు పూర్తిగా ఆపినంత. దీనిలో రెండున్నర మెగాజౌళ్ల వరకు టైర్లు దొర్లడంలోనే ఖర్చవుతుంది. మిగిలిన మూడున్నర పైచిలుకుని ఇంజినూ బ్రేకులూ పంచుకోవాలి.

ఆ పంపకం డ్రైవరు చేతిలో ఉంటుంది. ఎక్కేటప్పుడు వేసే గేర్‌లోనే దిగితే పెద్ద వాటా ఇంజిన్ తీసుకుంటుంది, బ్రేకు మలుపుల దగ్గరే అవసరమవుతుంది. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలితే ఆ వాటా మొత్తం నాలుగు చక్రాల మీద పడుతుంది. కొందరు ఇంజిన్ కూడా ఆపేస్తారు. అది ఇంకా ప్రమాదకరం. ఇంజిన్ ఆగితే, తొక్కిన బలాన్ని పెంచే బూస్టర్‌కి వాక్యూమ్ అందదు, రెండు మూడు సార్లు తొక్కాక పెడల్ రాయిలా బిగుసుకుపోతుంది. దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలన్న నిబంధన వెనక ఈ లెక్క కూడా ఉంది. అంత సమయంలో దిగితే సగటు వేగం గంటకి 28 కిలోమీటర్లే అవుతుంది, పుట్టిన వేడి గాలిలో కలిసిపోవడానికి వ్యవధి దొరుకుతుంది. సగం సమయంలో దిగితే అదే వేడి రెట్టింపు వేగంతో వచ్చి పడుతుంది. శ్రీశైలం, అనంతగిరి, పాడేరు ఘాట్లకీ ఇదే లెక్క.

పెడల్ చెప్పే సంగతి

'బ్రేకు పట్టట్లేదు' అన్న ఒక్క మాట కింద నాలుగైదు వేర్వేరు జబ్బులు దాక్కుని ఉంటాయి. వాటిని విడదీయకుండా సామాను మార్చడం వల్లే డబ్బూ పోతుంది, బ్రేకూ బాగుపడదు.

పెడల్ లోతుగా దిగి, రెండోసారి పంప్ చేస్తే పైకి వస్తోందంటే ముందుగా చూడాల్సింది వెనక చక్రాలు. చిన్న కార్లలో వెనక డ్రమ్ములే ఉంటాయి. డ్రమ్ము లోపలివైపు ఒత్తుకునే షూలు అరిగేకొద్దీ డ్రమ్ముకీ షూకీ మధ్య సందు పెరుగుతుంది. దాన్ని తనంతట తాను సరిచేసుకునే అడ్జస్టర్ తుప్పు పట్టి ఆగిపోతే పెడల్ కదలికలో సగం ఆ సందు పూడ్చడానికే పోతుంది. హ్యాండ్ బ్రేక్ మునుపటికంటే ఎక్కువ పళ్లు పైకి లేస్తుంటే అది దీనికి మంచి గుర్తు. ముందు డిస్కులు మార్చినా ఈ సందు అలాగే ఉంటుంది. కొత్త సామాను వేసినా పెడల్ మారలేదని యజమాని బాధపడేది ఇలాంటి సందర్భాల్లోనే.

పెడల్ స్పాంజిలా మెత్తగా ఉంటే పైపుల్లో గాలి చేరి ఉండాలి, లేదా రబ్బరు హోసులు ముసలివై ఒత్తిడికి ఉబ్బుతూ ఉండాలి. పాత హోసులో ఇంకో చిక్కు ఉంది. లోపలి పొర ఊడి కవాటంలా అడ్డుపడితే ఆయిల్ క్యాలిపర్ దగ్గరికి వెళ్తుంది కానీ వెనక్కి రాదు. పెడల్ వదిలినా ఆ చక్రం పట్టుకునే ఉంటుంది, కారు ఒక పక్కకి లాగుతుంది, ఆ చక్రం మాత్రమే కాలిపోయేంత వేడెక్కుతుంది.

పెడల్ గట్టిగానే ఉండి బండి ఆగకపోతే దారి వేరు. బూస్టర్ పనిచేయకపోవచ్చు, ప్యాడ్ పైపొర కాలి గాజులా నునుపెక్కి ఉండవచ్చు, క్యాలిపర్ జారే పిన్నులు బిగుసుకుపోయి ఉండవచ్చు. చిన్న కార్లలో క్యాలిపర్‌కి ఒకవైపే పిస్టన్ ఉంటుంది. లోపలి ప్యాడ్‌ని పిస్టన్ నొక్కితే, ఆ ఎదురుబలంతో క్యాలిపర్ పిన్నుల మీద జారి బయటి ప్యాడ్‌ని లాగి పట్టాలి. పిన్ను జారకపోతే ఒక్క ప్యాడే పని చేస్తుంది. లోపలి ప్యాడ్ అరిగిపోయి బయటిది కొత్తదానిలా కనిపిస్తే ఈ జబ్బు ఖాయం. పిన్నులు తీసి శుభ్రం చేసి, వేడికి తట్టుకునే గ్రీజు పూసి, చిరిగిన రబ్బరు బూట్లు మారిస్తే పోయిన బలం తిరిగొస్తుంది. ఖర్చు, కొత్త క్యాలిపర్‌తో పోలిస్తే చాలా తక్కువ.

ఊళ్లో అంతా బాగుండి, ఘాట్‌లోనో హైవే మీద వరసగా బ్రేకు వేసినప్పుడో మాత్రమే బలం తగ్గుతుంటే అది వేడి సమస్య. ఇందులోనూ రెండు రకాలున్నాయి. పెడల్ గట్టిగా ఉండి పట్టు తగ్గితే ప్యాడ్ వేడెక్కింది. పెడల్ ఒక్కసారిగా కిందికంటా పోతే బ్రేక్ ఆయిల్ మరిగి ఆవిరైంది. రెండోది చాలా ప్రమాదం. ద్రవాన్ని నొక్కితే ఒత్తిడి పుడుతుంది, ఆవిరిని నొక్కితే అది కుదించుకుపోతుంది.

ఆయిల్, ప్యాడ్లు: చిన్న మార్పు, పెద్ద ఫలితం

బ్రేక్ ఆయిల్ అని పిలుస్తున్నా అది ఆయిల్ కాదు, గాలిలోని తేమని పీల్చుకునే గ్లైకాల్ ద్రవం. డాట్ 3 రకానికి కొత్తగా ఉన్నప్పుడు కనీస మరుగు స్థానం 205 డిగ్రీలు. దానిలో నీరు 3.7 శాతానికి చేరాక అది 140కి పడిపోతుంది. డాట్ 4కి ఈ అంకెలు 230, 155. డాట్ 5.1కి 260, 180. కాకినాడ, విశాఖ లాంటి సముద్ర తీరపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ద్రవం త్వరగా పాడవుతుంది. ఐదారేళ్లుగా ఆయిల్ మార్చని కారు, కొండ దిగే ముందే తన రక్షణలో 65 నుంచి 75 డిగ్రీలు పోగొట్టుకుని ఉంటుంది. రెండేళ్లకోసారి పాతది పూర్తిగా తీసేసి డాట్ 4 నింపడం, ఘాట్ల మీద తిరిగే పాత కారుకి చేయగల మొదటి నిజమైన అప్‌గ్రేడ్. డాట్ 5 అనే సిలికాన్ రకాన్ని మాత్రం వీటితో కలపకూడదు. పేర్లలో 5, 5.1 దగ్గరగా ఉన్నాయి కానీ ద్రవాలు వేరు.

ప్యాడ్ల విషయంలో వాటి వెనక ఉండే ఇనుప రేకు మీద అచ్చువేసిన రెండు ఇంగ్లిష్ అక్షరాలు చాలా చెబుతాయి. మొదటిది చల్లగా ఉన్నప్పటి ఘర్షణ, రెండోది వేడిగా ఉన్నప్పటిది. 'ఈ' అంటే గుణకం 0.25 నుంచి 0.35 వరకు, 'ఎఫ్' అంటే 0.35 నుంచి 0.45, 'జీ' అంటే 0.45 నుంచి 0.55. మొదటి అక్షరం 'ఎఫ్', రెండోది 'ఈ' అయితే ఆ ప్యాడ్ వేడెక్కాక తగ్గుతుందని అర్థం. రెండూ 'ఎఫ్' ఉన్న ప్యాడ్‌కి మారితే డిస్క్ ముట్టుకోకుండానే ఘాట్‌లో బ్రేకు మెరుగవుతుంది. రేసు ప్యాడ్లు వేస్తే ఇంకా మంచిదన్న మాట నిజం కాదు. అవి బాగా వేడెక్కాకే సరిగ్గా పట్టుకుంటాయి. పొద్దున్నే వీధి మలుపులో పిల్లవాడు అడ్డొస్తే అవసరమయ్యేది చల్లగా ఉన్నప్పుడు పట్టే ప్యాడ్.

పాత ప్యాడ్లు, షూలు విప్పినప్పుడు ఆ దుమ్ముని ఎయిర్ గన్‌తో ఊదడం వర్క్‌షాపుల్లో ఇంకా కనిపిస్తోంది. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే బయటికి రాదు. ఆ పని చేసే కుర్రాళ్ల ఆరోగ్యం కోసమైనా తడిపి తుడవాలి.

డిస్క్ పెంచితే, పిస్టన్ పెంచితే

ఇవన్నీ చేశాక కూడా వేడి సమస్య మిగిలితే సామాను పెంచే మాట వస్తుంది. బ్రేకు తిప్పుబలం, అంటే చక్రం తిరగడానికి ఎదురొడ్డే బలం, నాలుగు వాటి మీద ఆధారపడుతుంది: ప్యాడ్ ఘర్షణ, ఆయిల్ ఒత్తిడి, పిస్టన్ వైశాల్యం, ప్యాడ్ నొక్కే చోటు చక్రం మధ్య నుంచి ఎంత దూరంలో ఉందన్నది. ఆ దూరం 90 మిల్లీమీటర్ల నుంచి 100కి పెరిగితే అదే కాలి బలానికి 11 శాతం ఎక్కువ బ్రేకు వస్తుంది.

పిస్టన్‌తో జాగ్రత్తగా ఉండాలి. వైశాల్యం వ్యాసానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి 48 మిల్లీమీటర్ల పిస్టన్ బదులు 54 వేస్తే నొక్కే బలం 27 శాతం పెరుగుతుంది. కానీ ఆ పిస్టన్‌ని కదిలించడానికి 27 శాతం ఎక్కువ ఆయిల్ కావాలి. పెడల్ తొక్కినప్పుడు ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండర్ పాతదే ఉంటే పెడల్ ఇంకా లోతుకి దిగుతుంది. దానికి మందుగా పెద్ద మాస్టర్ సిలిండర్ వేస్తారు. 20.6 బదులు 22.2 మిల్లీమీటర్లది వేస్తే పెడల్ పైకి వస్తుంది, ఒత్తిడి మాత్రం 14 శాతం తగ్గుతుంది. ముందు పెంచిన బలంలో సగానికి పైగా అలా తిరిగి పోతుంది. వెనక బ్రేకులైతే ఉన్న బలంలోనే 14 శాతం పోగొట్టుకుంటాయి.

ముందు ఎక్కువైతే వెనక తక్కువైనట్టే

బ్రేకు వేయగానే బండి ముక్కు కిందికి వంగుతుంది. బరువు వెనక చక్రాల నుంచి ముందుకి జరుగుతుంది. మారుతి 800 చక్రాల మధ్య దూరం 2,175 మిల్లీమీటర్లు. బరువు కేంద్రం నేలకి అర మీటరు ఎత్తులో ఉందనుకుంటే, పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేసినప్పుడు మొత్తం బరువులో దాదాపు 18 శాతం ముందుకి వస్తుంది. నిలబడి ఉన్నప్పుడు ముందు 60 శాతం ఉంటే అప్పుడు 78 అవుతుంది. వాన పడి రోడ్డు జారుతుంటే అంత గట్టిగా బ్రేకు పడదు, బరువు కూడా అంతగా జరగదు. ముందు వాటా 69 దగ్గరే ఆగుతుంది. కంపెనీ ఇంజినీర్లు ముందు, వెనక బ్రేకుల పంపకాన్ని ఈ రెండు పరిస్థితులకీ సరిపోయేలా మధ్యలో ఎక్కడో పెడతారు.

ఆ పంపకం 75, 25 అనుకుందాం. ముందు బలం 27 శాతం పెంచితే అది 79, 21 అవుతుంది. మాస్టర్ సిలిండర్ మార్చినా ఈ పంపకం మారదు, రెండు వైపులా ఒత్తిడి ఒకే లెక్కన తగ్గుతుంది కాబట్టి. తడి రోడ్డు మీద ఘర్షణ గుణకం 0.4 అయితే ముందు చక్రాలు ఇప్పుడు ఇంకా ముందుగానే లాక్ అవుతాయి. వెనక టైర్ల పట్టు వాడకుండా మిగిలిపోతుంది. లాక్ కాకుండా దొరికే బ్రేకు దాదాపు 6 శాతం తగ్గుతుంది. 60 వేగం నుంచి సుమారు 39 మీటర్లలో ఆగాల్సిన బండి 41 దాటుతుంది. ఏబీఎస్ లేని కారులో ముందు చక్రాలు లాక్ అయితే స్టీరింగ్ తిప్పినా బండి తిరగదు. డబ్బు పోసి చేయించిన మార్పు వానాకాలంలో ఎదురు తిరగడమంటే ఇదే.

దీనికి విరుగుడుగా వెనక కూడా పెంచుదామనుకోవడం ఇంకా పెద్ద ప్రమాదం. వెనక చక్రాలు ముందుగా లాక్ అయితే కారు గిర్రున తిరిగిపోతుంది. ముందు చక్రాలు లాక్ అయితే బండి నేరుగా జారుతుంది, వెనకవి లాక్ అయితే అడ్డంగా వెళ్తుంది. అందుకే కంపెనీలు ముందు చక్రాలే మొదట లాక్ అయ్యేలా పెట్టి, వెనక పైపులో ఒత్తిడిని అదుపు చేసే వాల్వు బిగిస్తాయి. ఆ వాల్వు తీసేయమనే సలహా ఎవరిచ్చినా వినకూడదు.

చక్రం సైజు తెచ్చే మెలిక

800 చక్రం 12 అంగుళాలది. దానిలో పెద్ద డిస్క్, క్యాలిపర్ పట్టవు కాబట్టి 13 అంగుళాల చక్రం వేయాల్సి వస్తుంది. 145/70 ఆర్12 టైరు మొత్తం వ్యాసం 508 మిల్లీమీటర్లు. 155/70 ఆర్13 వేస్తే అది 547కి చేరుతుంది, దాదాపు 8 శాతం ఎక్కువ. చక్రం పెద్దదయ్యేకొద్దీ అదే తిప్పుబలానికి రోడ్డు మీద దొరికే బ్రేకు తగ్గుతుంది. డిస్క్ పెంచి సంపాదించిన 11 శాతంలో చాలా భాగం టైరు తినేస్తుంది. స్పీడోమీటరు కూడా అసలు వేగం కంటే తక్కువ చూపిస్తుంది. 155/65 ఆర్13 అయితే వ్యాసం 532, పెరుగుదల ఐదు శాతం లోపే. చూపు కోసం పెద్ద చక్రాలు వేయించుకున్న పాత కార్లలో బ్రేకు తగ్గిందన్న ఫిర్యాదుకి కొన్నిసార్లు ఇదే మూలం.

బూస్టర్ సంగతి

బూస్టర్ లేని పాత 800లు ఇంకా కొన్ని తిరుగుతున్నాయి. వాటిలో బ్రేకుకి బలం లేదనిపించడానికి డిస్క్ కారణం కాదు, కాలి బలం చాలకపోవడమే కారణం. పెద్దవాళ్లో, మోకాళ్ల నొప్పులున్నవాళ్లో నడిపే బండికి బూస్టర్ వేయించడం నిజంగా ఉపయోగపడుతుంది. దానికి సరిపోయే మాస్టర్ సిలిండర్, బ్రాకెట్, పెడల్ రాడ్డు పొడవు సరిగ్గా కుదరాలి. ఉన్న బూస్టర్ పనిచేస్తోందో లేదో తేల్చడం సులువు. ఇంజిన్ ఆపి పెడల్‌ని నాలుగైదు సార్లు తొక్కి, తొక్కిపట్టి ఇంజిన్ స్టార్ట్ చేయాలి. పెడల్ కాస్త కిందికి దిగితే బూస్టర్ బాగున్నట్టే.

గోల్ఫ్ యజమానులు చేసింది

యూరప్‌లో పాత చిన్న కార్ల బ్రేకులు పెంచడం దశాబ్దాలుగా నడుస్తున్న పని. బాగా నలిగిన ఉదాహరణ 1983లో వచ్చిన రెండో తరం ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్. దానికి 239 మిల్లీమీటర్ల డిస్కులు వచ్చేవి. యజమానులు అదే కంపెనీ శక్తిమంతమైన జీ60 కారు నుంచి 280 మిల్లీమీటర్ల వెంటిలేటెడ్ డిస్కులు, 54 మిల్లీమీటర్ల పిస్టన్ ఉన్న క్యాలిపర్లు తెచ్చి బిగించేవారు. డిస్కుతో పాటు క్యాలిపర్ పట్టే వీల్ క్యారియర్లు, 22 మిల్లీమీటర్ల మాస్టర్ సిలిండర్, 15 అంగుళాల చక్రాలు కూడా మార్చాల్సి వచ్చేది. ఒక కారు నుంచి ఇంకో కారుకి ఒక పూర్తి వ్యవస్థ తరలివెళ్లిందన్నమాట. జర్మనీలో అలా మార్చాక తనిఖీ ఇంజినీరుకి చూపించి కారు పత్రాల్లో ఆ మార్పు రాయించుకోవాలి.

మన దగ్గర ఆ అలవాటు సగమే వచ్చింది. అదే కంపెనీ బరువైన కారు సామాను తేవడం తెలుసు. విజయవాడ ఆటోనగర్‌లోనో సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో వెతికితే దొరుకుతుంది. పూర్తి సెట్టుగా తేవడం, మార్చాక కొలిచి చూడటం మాత్రం అరుదు. స్క్రాప్ బండి నుంచి తీసిన డిస్క్‌కి కనీస మందం అంచు మీద చెక్కి ఉంటుంది. అంతకంటే పల్చబడినదాన్ని లేత్ పట్టించి నునుపు చేసి అమ్మితే అది పాత చిన్న డిస్క్ కంటే అధ్వానం, వేడిని దాచుకోవాల్సిన ఇనుమే దానిలో లేదు కాబట్టి.

చట్టం

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్నే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. కంపెనీ చెప్పిన కొలతల్లోనే మెరుగైన ప్యాడ్లు, డాట్ 4 ఆయిల్, కొత్త హోసులు వేయడం మామూలు మరమ్మతు. వేరే కారు క్యాలిపర్, వేరే సైజు చక్రం అయితే ముందుగా ఆర్టీఏ కార్యాలయంలోనూ బీమా కంపెనీలోనూ అడిగి రాతపూర్వకంగా తీసుకోవడం మంచిది. ప్రమాదం జరిగాక క్లెయిమ్ పరిశీలించే సర్వేయరు ముందుగా చూసేవాటిలో చక్రాలు, బ్రేకులు ఉంటాయి.

మార్చాక మొదటి వారం

కొత్త ప్యాడ్, కొత్త డిస్క్ మొదటి రోజే పూర్తిగా పట్టుకోవు. ఖాళీ రోడ్డు మీద 50 వేగం నుంచి 10కి, పూర్తిగా ఆపకుండా, పది పన్నెండు సార్లు మధ్యస్థంగా బ్రేకు వేయాలి. ప్యాడ్ పదార్థం డిస్క్ మీద పల్చటి పొరగా సమంగా పరుచుకుంటుంది. వేడిగా ఉన్న డిస్క్ మీద పెడల్ తొక్కిపట్టి నిలబెడితే ఆ పొర ఒకేచోట అతుక్కుంటుంది. తర్వాత స్టీరింగ్ అదరడం మొదలైతే డిస్క్ వంగిందంటారు, నిజానికి చాలాసార్లు అది ఈ అతుకే.

ఆ తర్వాత మనుషులు లేని మైదానంలో 30, 40 వేగంతో, ఒకసారి పొడి నేల మీద, ఒకసారి నీళ్లు చల్లిన నేల మీద గట్టిగా బ్రేకు వేసి చూడాలి. పక్కన నిలబడ్డ మనిషి ఏ చక్రం మొదట లాక్ అవుతోందో గమనించాలి. ముందువి రెండూ ఒకేసారి లాక్ అయి బండి నేరుగా ఆగితే పని సరిగ్గా జరిగినట్టు. ఒక పక్కకి లాగితే ఆ రెండు క్యాలిపర్లలో ఒకటి సరిగ్గా పనిచేయట్లేదు. తడి నేల మీద పెడల్ తాకగానే ముందు చక్రాలు జారిపోతుంటే ముందు బలం అవసరానికి మించింది. వెనకవి ముందుగా లాక్ అయితే ఆ బండిని అక్కడి నుంచి రోడ్డెక్కించకుండా వర్క్‌షాపుకే తీసుకెళ్లాలి.